పేదరాసి పెద్దమ్మకు పాస్‌పోర్టు



రేడియోలో మాట్లాడటంలో ఒక సుఖముంది. నా నెరిసిన తల మీకు కనపడదు. ఎదురుగా కూర్చుని చెబితే రెండో వాక్యానికే మీ చూపు నా భుజం మీదుగా టీవీ మీదికి పోతుంది. అరవై ఏడేళ్ళ ఆడమనిషి నోరు విప్పితే జరిగేది అదే. దానికి నొచ్చుకోవడం మానేసి చాలా రోజులైంది. పైగా ఈమధ్య ఒక పుస్తకం చదివాక, ఈ కనపడకపోవడం కూడా ఒక ఆస్తేనేమో, ఇన్నాళ్ళూ బీరువాలో పడేసి మరిచిపోయానేమో అనిపిస్తోంది.

నేనుండేది బెంగళూరులో, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో. వచ్చిన కొత్తలో ఆ మూడక్షరాలూ ఎవరో పెద్దాయన పేరనుకున్నాను. తీరా అడిగితే హోసూరు రోడ్డునూ సర్జాపుర రోడ్డునూ కలిపి పెట్టిన పేరట. ఏడు సెక్టార్లు, గళ్ళ నోటుబుక్కులో గీసినట్టు అడ్డరోడ్లు, నిలువురోడ్లు. ఆ గళ్ళ మధ్య అగర, పరంగిపాళ్య, సోమసుందరపాళ్య అనే పాత ఊళ్ళ పేర్లు ఇంకా బతికే ఉన్నాయి. ఇరవై ఏడో మెయిన్ రోడ్డులో ఒక్క కాఫీ ముందు పెట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కంపెనీలు పెట్టే పిల్లలు కనిపిస్తారు. ఆ పిల్లల పిల్లల్ని చూసుకోవడానికి గుంటూరు నుంచీ కడప నుంచీ కరీంనగర్ నుంచీ వచ్చిన మాబోటివాళ్ళు కనపడరు. మా అపార్ట్‌మెంటు గేటు దగ్గరి యాప్‌లో నా పేరు లేదు. మావాడి పేరు కింద 'మదర్' అని ఉంది. రెండేళ్ళుగా ఆ గేటులోంచి రోజుకు నాలుగుసార్లు వెళ్ళొస్తున్నాను, మదర్‌గానే. ఇంతకంటే మంచి మారుపేరు ఏ గూఢచారి సంస్థ ఇస్తుంది చెప్పండి?

ఇక ఆ పుస్తకం సంగతి. చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్ అనే పుస్తకాల షాపు ఉంది. కొత్తవీ పాతవీ కలిపి అమ్ముతారు. ఒకనాడు మా కోడలు నన్ను అక్కడ దింపి, "అత్తయ్యా, ఒక గంటలో వస్తా" అని తన పని మీద పోయింది. గంట మూడు గంటలైంది. ఈలోపు డిటెక్టివ్ నవలల అరలో, అట్ట నలిగిపోయిన ఒక పాత కాపీ దొరికింది. 'ది అనెక్స్‌పెక్టెడ్ మిసెస్ పాలిఫాక్స్'. రాసినావిడ డొరొతీ గిల్మన్ అనే అమెరికన్. 1966లో వచ్చిన నవల.

కథ ఇది. న్యూజెర్సీలో న్యూ బ్రన్స్‌విక్ అనే ఊళ్ళో ఎమిలీ పాలిఫాక్స్ అనే అరవై దాటిన వితంతువు. పిల్లలు స్థిరపడ్డారు, దూరంగా ఉన్నారు. గార్డెన్ క్లబ్బు, ఆసుపత్రిలో సేవ, ఇంకా ఏవో కమిటీలు. డాబా మీద జెరేనియం మొక్కలు పెంచుతుంది. ఒకరోజు ఆ మొక్కల దగ్గర నిలబడి, ఇంకొక్క అడుగు ముందుకేస్తే ఏమవుతుంది అనుకుంటుంది. వేసినంత పని చేస్తుంది. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసేసి, అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. సరదా నవల కదా అని తీసిన పుస్తకంలో అది ఉంటుందని అనుకోలేదు. సరే, డాక్టరు ఆమెను అడుగుతాడు, "ఎప్పుడైనా ఏదైనా అవ్వాలని అనుకున్నారా?" అని. ఆమె నిజం చెబుతుంది. గూఢచారి అవ్వాలనుకుందట. ఆ తర్వాత చక్కగా టోపీ పెట్టుకుని సీఐఏ ఆఫీసుకు వెళ్ళి, నాకేమైనా ఉద్యోగం ఉందా అని అడుగుతుంది.

లోపల కార్‌స్టెయిర్స్ అనే అధికారికి సరిగ్గా అప్పుడే ఒక మనిషి కావాలి. అచ్చం టూరిస్టులా కనిపించే మనిషి. ఈవిడను చూసి, తమ వాళ్ళే పంపిన మనిషనుకుంటాడు. పొరపాటు తెలిసేసరికి ఈవిడే సరిపోతుందని అర్థమవుతుంది. పని చిన్నది. మెక్సికో నగరానికి వెళ్ళాలి, ఊరు చూడాలి, చెప్పిన రోజున ఒక పుస్తకాల షాపుకు వెళ్ళి ఒక వస్తువు తెచ్చుకోవాలి. ఆ షాపు పేరుకు స్పానిష్‌లో చిలక అని అర్థం. చిలక దగ్గర గుట్టు ఉంటుందని మన కథల్లో పిల్లలకు కూడా తెలుసు గనక నాకు నవ్వొచ్చింది. పని బెడిసికొడుతుంది. ఆమెను ఎత్తుకుపోయి అల్బేనియా కొండల్లో ఒక రాతి కోటలో బంధిస్తారు.

అక్కడ ఆమె ఏం చేస్తుందనేదే అసలు కథ. పిస్తోలు లేదు, గోడలు దూకే వయసు కాదు. కాపలా అధికారికి నడుం నొప్పి. ఆమె ఆ నడుం మర్దన చేస్తుంది. ఎవరు ఎవరి మీద కోపంగా ఉన్నారో, ఎవరికి తిండి సహించడం లేదో, ఎవరు ఇంటి మీద బెంగ పెట్టుకున్నారో నాలుగు రోజుల్లో కనిపెడుతుంది. కొత్త కోడలుగా ఉమ్మడి కుటుంబంలో అడుగుపెట్టిన ఏ ఆడదైనా మొదటి వారంలో చేసే పని అదే. దాన్ని మనం సర్దుకుపోవడం అంటాం, సీఐఏ వాళ్ళయితే సమాచార సేకరణ అంటారు.

గిల్మన్ ఈ పాలిఫాక్స్‌తో మొత్తం 14 నవలలు రాసింది. చివరిది 2000లో వచ్చింది. టర్కీ, బల్గేరియా, స్విట్జర్లాండ్, జాంబియా, చైనా, థాయ్‌లాండ్... ఎక్కడికి పంపితే అక్కడికి. మధ్యలో కరాటే నేర్చుకుంది, జాంబియా సఫారీలో పరిచయమైన పెద్దమనిషిని పెళ్ళి చేసుకుంది కూడా. 1971లో రోజలిండ్ రస్సెల్, 1999లో టీవీకి ఏంజెలా లాన్స్‌బరీ ఆ వేషం కట్టారు. గిల్మన్‌కు 2010లో మిస్టరీ రైటర్స్ ఆఫ్ అమెరికా వాళ్ళు గ్రాండ్ మాస్టర్ బిరుదు ఇచ్చారు. 2012లో పోయింది. మొదటి పాలిఫాక్స్ నవల వచ్చేనాటికి ఆవిడకింకా నలభై మూడేళ్ళు దాటలేదు. అంటే డాబా మీది ఆ అడుగును ముందుగానే ఊహించి రాసింది.

అన్నీ మెచ్చుకోలేను. ఆ నవలల్లో దేశాలన్నీ పోస్టుకార్డుల్లా ఉంటాయి. మంచివాళ్ళను ముఖం చూసి పోల్చేయొచ్చు. సీఐఏ వాళ్ళయితే మరీ, పెళ్ళిళ్ళు కుదిర్చే బాబాయిల్లా ఉంటారు. 1953లో ఇరాన్‌లో, 1954లో గ్వాటెమాలాలో ప్రభుత్వాలను పడగొట్టింది ఈ బాబాయిలేనా అని మధ్యమధ్యలో అనుమానం వస్తుంది. అయినా పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. ఎందుకంటే గిల్మన్ పట్టుకున్న ఒక్క సంగతి మాత్రం గట్టిది.

ముసలావిడను డిటెక్టివ్‌గా పెట్టిన వాళ్ళు అంతకుముందూ ఉన్నారు. అగాథా క్రిస్టీ మిస్ మార్పుల్ 1927లో ఒక చిన్న కథలో మొదటిసారి కనిపించింది, 1930లో నవలకెక్కింది. ఉన్ని అల్లుకుంటూ, తోటలో కలుపు తీస్తూ, ఊళ్ళో వాళ్ళ బుద్ధులన్నీ లెక్కగట్టి హంతకుణ్ణి చూపిస్తుంది. మార్పుల్ కథనే రితుపర్ణ ఘోష్ 2003లో 'శుభ మహూరత్' పేరుతో బెంగాలీలో తీశాడు. రాఖీ అందులో రంగా పిషీమా, అంటే మేనత్త. మేనత్త అనగానే నాకా సినిమా సగం అర్థమైపోయింది. ముంబైలో కల్పనా స్వామినాథన్ సృష్టించిన లల్లి అయితే పోలీసు శాఖలో రిటైరైన మనిషి. మా బెంగళూరులోనే హరిణి నాగేంద్ర 2022లో 'ది బెంగళూర్ డిటెక్టివ్స్ క్లబ్' రాశారు. 1921 నాటి ఊరు. అందులో కూపీ లాగేది కావేరి అనే చిన్న వయసు ఇల్లాలు. నాకు మాత్రం ఆమె పక్కింటి ఉమా ఆంటీ ఇష్టం. చదువు లేదు, కావేరి దగ్గర అక్షరాలు నేర్చుకుంటుంది, అవసరమైతే వెంట నడుస్తుంది.

వీళ్ళందరికీ పాలిఫాక్స్‌కీ ఒక తేడా ఉంది. డిటెక్టివ్ పని గుట్టు విప్పడం. చివరి అధ్యాయంలో అందరినీ హాల్లో కూర్చోబెట్టి చెప్పేస్తుంది, చప్పట్లు కొట్టించుకుంటుంది. గూఢచారి పని గుట్టు మోయడం. మోసి, దించవలసిన చోట దించి, ఇంటికొచ్చి మొక్కలకు నీళ్ళు పోసుకోవడం. పక్కింటివాళ్ళు "ఊరెళ్ళారా?" అంటే "ఆఁ, ఊరికే, నాలుగు రోజులు" అనడం. గిల్మన్ పట్టుకున్నది ఇదే. ముసలితనాన్ని తెలివికి కాకుండా, గుట్టుకు ముడిపెట్టింది.

నిజంగా ఇలాంటివాళ్ళు ఉన్నారా అంటే ఉన్నారు. వర్జీనియా హాల్ అని ఒక అమెరికన్. ఎడమకాలు సగం కొయ్యకాలు. నాజీల చేతిలోని ఫ్రాన్స్‌లో పనిచేసి, గెస్టపో వెతుకుతుంటే తప్పించుకుని, మళ్ళీ 1944లో అదే దేశంలోకి వెళ్ళింది. వెళ్ళేముందు జుట్టు నెరిసినట్టు రంగు వేయించుకుంది. గుండ్రటి పెద్ద గౌన్లు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని కుంటును ముసలి నడకగా మార్చుకుంది. పల్లెటూరి ముసలమ్మలా కనపడాలని లండన్‌లో దంతవైద్యుడి దగ్గర పళ్ళు కూడా అరగదీయించుకుంది. మేకలు కాస్తూ, జర్మన్ సైనికులకే జున్ను అమ్ముతూ వాళ్ళ కదలికలన్నీ వైర్‌లెస్‌లో చేరవేసింది. అప్పుడామెకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఎంత కష్టపడిందో చూడండి. మాకు ఆ వేషమంతా ఉచితంగానే వచ్చింది.

ఇంకొకావిడ మెలీటా నార్‌వుడ్. 1999 సెప్టెంబరులో లండన్ శివార్లలో బెక్స్‌లీహీత్ అనే చోట ఒక మామూలు ఇంటి ముందు విలేఖరులు గుమిగూడారు. ఎనభై ఏడేళ్ళ ముసలావిడ తోటలోకి వచ్చి, ఔను, ఇచ్చాను అంది. లోహాల పరిశోధన సంస్థలో సెక్రటరీగా పనిచేస్తూ, బ్రిటిష్ అణుబాంబు పనికి సంబంధించిన కాగితాలను ఏళ్ళ తరబడి సోవియట్ వాళ్ళకు అందించింది. డబ్బు కోసం కాదు, నమ్మకం కోసం. ఆమె చేసిన పనిని నేను మెచ్చడం లేదు. కానీ ఇరుగుపొరుగు అవాక్కయ్యారే, ఆ అవాక్కవడం చూడండి. దశాబ్దాల పాటు ఆ వీధిలో ఆమె అందరికీ కనిపించింది. ఎవరూ చూడలేదు. ఆ వయసులో కోర్టుకీడ్చడం ఎందుకని ప్రభుత్వం కేసు కూడా పెట్టలేదు. 2005లో పోయింది.

ఇదంతా పరాయి దేశాల సంగతి, మన దగ్గర ఎవరున్నారని అడుగుతారు. మన దగ్గర ఉన్నంత మంది ఎక్కడా లేరని నా వాదన.

మొదట పేదరాసి పెద్దమ్మ. ఏ రాకుమారుడు ఏ కొత్త ఊరికి వెళ్ళినా ముందు దిగేది ఊరిచివర ఆవిడ గుడిసెలోనే. ఆమె వండిపెడుతుంది, మంచమేస్తుంది, ఆ తర్వాత ఊరి గుట్టంతా విప్పుతుంది. రాజుగారికి ఎవరితో పడదు, కోట గడియ ఎప్పుడు పడుతుంది, రాకుమార్తె ఎందుకు నవ్వడం లేదు. చిన్నప్పుడు మా అమ్మమ్మను అడిగేదాన్ని, "ఇవన్నీ ఆవిడకెలా తెలుసు?" అని. "ముసల్ది కదే, ఎక్కడికి పోయినా ఎవరూ పొమ్మనరు" అనేది. నవలలు చదవకుండానే అమ్మమ్మ ఆ కిటుకు చెప్పేసింది.

బాలనాగమ్మ కథలో తంబళి పెద్ది మరీ చక్కని ఉదాహరణ. మాయల ఫకీరు చెరలో ఉన్న బాలనాగమ్మకు రోజూ పూలదండ కట్టి తీసుకెళ్ళే ముసలమ్మ. కొడుకు బాలవర్ధిరాజు తల్లిని వెతుక్కుంటూ వచ్చి ఈ ముసలమ్మ ఇంట్లోనే దిగుతాడు. మా అమ్మమ్మ చెప్పే పద్ధతిలో, దండ ఆ రోజు వాడే కడతాడు. అంతకుముందు లేని అల్లిక చూసి తల్లి గుర్తుపడుతుంది. పూలబుట్టలో కబురు, బుట్ట మోసేది ముసలమ్మ, కాపలావాళ్ళు బుట్టలోకి తొంగి చూడరు. ఫకీరు ప్రాణం ఎక్కడో చిలకలో ఉందన్న రహస్యం పిల్లవాడికి చేరాలంటే ఈ దారి తప్ప వేరే దారి లేదు. 1942లో జెమినీ వాళ్ళు తీసిన 'బాలనాగమ్మ'లో జనమంతా కాంచనమాల కళ్ళు చూశారు, గోవిందరాజుల సుబ్బారావు ఫకీరును చూసి జడుసుకున్నారు. పెద్దిని ఎవరు గుర్తుపెట్టుకున్నారు?

మనవాళ్ళు దీన్ని శాస్త్రంలో కూడా రాసుకున్నారు. కౌటిల్యుడి అర్థశాస్త్రం తాటాకుల ప్రతి వెలుగులోకి వచ్చింది ఇక్కడికి దగ్గర్లోనే, మైసూరు ఓరియంటల్ లైబ్రరీలో. 1905లో రుద్రపట్న శామశాస్త్రిగారు పోల్చారు, 1909లో అచ్చువేయించారు. అందులో వేగులవాళ్ళ పట్టికలో పరివ్రాజిక అని ఉంది. ఎవరామె? పేద, వితంతువు, మాటకారి, బతుకుతెరువు కావాల్సిన మనిషి, అంతఃపురంలో గౌరవం ఉన్న మనిషి. అలాంటామె పెద్ద మంత్రుల ఇళ్ళకు రాకపోకలు సాగించాలంటాడు. కార్‌స్టెయిర్స్ మెక్సికోకు మనిషిని వెతకడానికి రెండు వేల ఏళ్ళ ముందే కౌటిల్యుడు ఉద్యోగ ప్రకటన రాసిపెట్టాడు.

వీళ్ళందరికంటే పెద్ద పేరు మిగిలింది. కుంతి.

రాయబారం విఫలమైంది. యుద్ధం తప్పదు. విదురుడు ఆ మాట చెప్పగానే ఆమెకు నిద్ర పట్టలేదు. ఎవరికీ చెప్పకుండా, ఒక్కతే గంగ ఒడ్డుకు నడిచి వెళ్ళింది. కర్ణుడు తూర్పుకు తిరిగి చేతులెత్తి జపం చేసుకుంటున్నాడు. వెనక, అతని ఉత్తరీయం నీడలో నిలబడింది. ఎండ ముదిరి, అతని వీపు కాలేదాకా నిలబడింది. అప్పటికి ఆమె ముసలి తల్లి. జపం అయ్యాక వెనక్కి తిరిగిన కొడుకుతో తన పేరు తాను చెప్పుకుంది. తమ్ముళ్ళతో కలవమంది. అతను రానన్నాడు. కానీ అర్జునుణ్ణి తప్ప మిగిలిన నలుగురినీ చంపనని మాట ఇచ్చాడు. ఎటైనా నీకు ఐదుగురు కొడుకులుంటారు అన్నాడు. ఆ మాట పట్టుకుని తిరిగొచ్చింది.

శత్రు శిబిరంలోని అందరికంటే పెద్ద వీరుడి దగ్గరికి వెళ్ళి, నలుగురు కొడుకుల ప్రాణాలు రాయించుకుని వచ్చిన మనిషి, ఆ సంగతి ఆ నలుగురికీ చెప్పలేదు. పద్ధెనిమిది రోజుల యుద్ధంలో నోరు మెదపలేదు. అంతకుముందు కన్న నాటి నుంచీ మెదపలేదు. అంతా అయిపోయాక, తర్పణాల దగ్గర, కర్ణుడికి కూడా నీళ్ళు వదలండి అంది. అప్పుడు ధర్మరాజు ఏం చేశాడు? ఇంత గుట్టు దాచినందుకు తల్లి మీద మండిపడి, ఇకమీదట ఆడవాళ్ళ దగ్గర రహస్యం నిలవకూడదని శపించాడు. దాచలేకపోయినందుకు కాదు, మరీ బాగా దాచినందుకు వచ్చిన శాపమది! మనం మాత్రం ఆడదాని నోట్లో నువ్వుగింజ నానదని సామెత చెప్పుకుని నవ్వుకుంటాం. కుంతి నోట్లో నానింది నువ్వుగింజ కాదు, కురుక్షేత్రం.

ఇంత వారసత్వం ఉన్న భాషలో, అపరాధ పరిశోధక నవలలు వచ్చేసరికి ముసలావిడ మాయమైపోయింది. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు అద్దె పుస్తకాల షాపులో కొమ్మూరి సాంబశివరావు నవలలు రోజుకు అద్దె కట్టి తెచ్చుకుని చదివేవాళ్ళం. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు. యుగంధర్ అంటే వేదం వేంకటరాయశాస్త్రిగారి 'ప్రతాపరుద్రీయం'లో పిచ్చివాడి వేషం వేసిన మంత్రి పేరు కూడా అని మా తెలుగు మాస్టారు చెబితే భలే సంతోషమేసింది. ఆ తర్వాత మధుబాబు షాడో వచ్చాడు, దేశాలన్నీ తిరిగాడు. మల్లాది నవలతో జంధ్యాల 'చంటబ్బాయ్' తీశారు. అందరూ కుర్రాళ్ళే, అందరూ మగవాళ్ళే. నేను చదివినంతలో ఒక్క బామ్మగారు కేసు పట్టలేదు. బామ్మ వస్తే కాఫీ ఇవ్వడానికి, లేదంటే శవాన్ని ముందుగా చూసి కెవ్వుమనడానికి. సినిమాల్లో చాటునుండి వినే పెద్దావిడ ఉండేది గానీ, ఆమె సూర్యకాంతం. ఆమె విన్నది ఇల్లు కూల్చడానికే పనికొచ్చేది. గూఢచారిణి అంటారా, ఆ మాట వినగానే మనకు క్లబ్బు పాట, చేతిలో సిగరెట్టు తప్ప తోచదు. వేగులవాడు అనే మాట ఉంది. దానికి ఆడరూపం అడిగితే నాకిప్పటికీ నోటికి రాదు.

ఇక మా హెచ్‌ఎస్‌ఆర్‌కు వద్దాం. మా అపార్ట్‌మెంటు కింద కానుగ చెట్టు నీడలో ఒక సిమెంటు బెంచీ ఉంది. సాయంత్రం ఐదింటికి అక్కడ ఐదారుగురం చేరతాం. అందులో అనంతపురం ఆవిడ ఒకరు. నాకంటే రెండేళ్ళు చిన్న, అందుకే అక్కా అంటుంది. చదివింది ఐదో తరగతి. కన్నడం కూడా బాగా వచ్చు గనక పూలమ్మాయి నుంచి లిఫ్టు మెకానిక్ దాకా అందరితో మాటలు కలుపుతుంది. "ఊట ఆయ్తా?" అని ఆవిడ అడిగితే ఎదుటివాళ్ళు అన్నం సంగతితో మొదలుపెట్టి అప్పుల సంగతి దాకా చెప్పేస్తారు.

కిందటేడు వానాకాలంలో మా బ్లాకులో పాల ప్యాకెట్లు పోవడం మొదలైంది. తలుపు గడియకు తగిలించిన సంచుల్లో తెల్లవారుజామున వేసిపోయిన ప్యాకెట్లు, ఆరింటికి లేచి చూస్తే ఉండవు. ఒకరోజు ఒకరివి, ఒకరోజు ఇంకొకరివి. వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. ప్రతి అంతస్తులో కెమెరా పెట్టాలన్నారు ఒకరు, డబ్బెవరిస్తారన్నారు ఇంకొకరు. రెండు రోజులయ్యేసరికి అనుమానమంతా రాత్రి డ్యూటీ సెక్యూరిటీ అబ్బాయి మీదికి మళ్ళింది. ఒడిశా నుంచి కొత్తగా వచ్చిన పిల్లాడు, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. నెలాఖరుకు మార్పించేద్దామని నిర్ణయం.

ఆ సాయంత్రం బెంచీ మీద మేమూ అదే మాట్లాడుకుంటున్నాం. అనంతపురం ఆవిడ మాత్రం మాట్లాడకుండా తలెత్తి చూస్తోంది. నేనూ చూశాను. పై అంతస్తుల్లో ఒక బాల్కనీలో బట్టలారేసే తీగ ఉంది. దాని మీద క్లిప్పులు పెట్టి పాల కవర్లు ఆరేసి ఉన్నాయి. మన తరం వాళ్ళకు చెప్పక్కర్లేదు. కవరు కొన కత్తిరించి, కడిగి, బోర్లించి ఆరేసి, కట్టగట్టి పాత సామాన్లవాడికి వేయడం. కోడళ్ళకు నచ్చని అలవాటు. ఐదు నీలం కవర్లు, గాలికి ఊగుతున్నాయి. ఐదూ ఒకేసారి కడిగినవి, నీళ్ళింకా కారుతున్నాయి.

నేను చూసింది అంతే. ఆవిడ చూసింది వేరు. ఆ ఇంట్లో ఉండేది ఒక్కరే. భార్య పోయిన పెద్దాయన. పిల్లలు పరదేశంలో. ఒక్క మనిషికి పూటకు ఐదు ప్యాకెట్లెందుకు?

మర్నాడు తెల్లవారకముందే ఆవిడ చేతిలో జపమాలతో మెట్ల మీద కూర్చుంది. చూసినవాళ్ళు ఏమనుకుంటారు, ముసలమ్మ జపం చేసుకుంటోంది అనుకుంటారు. పెద్దాయన ఐదున్నరకు తలుపు తీసుకుని బయటికి వచ్చాడట. చక్కగా ఇస్త్రీ చొక్కా. తన తలుపుకు సంచి లేదు. కాసేపు అక్కడే చూసి, మెల్లగా పక్క తలుపు దగ్గరికి వెళ్ళి, ఆ సంచిలోంచి ప్యాకెట్టు తీసుకుని, "ఆలస్యమైందివాళ" అని తనలో తాను అనుకుని, లోపలికి పోయాడట. పావుగంటకు మళ్ళీ వచ్చాడట. మళ్ళీ సంచి వెతికాడట. ఇందాక తీసుకున్నది గుర్తులేదు.

ఆవిడ ఆ రోజే పాలబ్బాయిని గేటు దగ్గర పట్టుకుంది. ఇకనుంచి ఆ తలుపుకూ ఒక సంచి తగిలించి, రోజూ ఒక ప్యాకెట్టు వేయమంది. లెక్క తన ఖాతాలో రాయమంది. తలుపు తీయగానే పాలు కనపడితే ఆ మనిషి మనసు కుదుటపడుతుందని ఆమె లెక్క. రెండు మూడు రోజులు మెట్ల మీద కూర్చుని, ఆయన రెండోసారి బయటికొస్తే, "పాలు లోపల పొయ్యి మీద ఉండాయి కదప్పా" అని గుర్తుచేసి పంపింది. తర్వాత ఆ అవసరమూ తగ్గింది. ఇంకో పని కూడా చేసింది. అసోసియేషన్ పెద్దమనిషి దగ్గరికి వెళ్ళి, "ఆ పిల్లోడు కాదు" అంది. "మీకెట్లా తెలుసమ్మా?" అన్నాడాయన. "తెల్సు" అంది. అంతే, ఇంకొక్క మాట లేదు. అలా చెప్పే మనిషితో వాదించడం ఎవరికీ చేతకాదు. ఆ పిల్లాడి ఉద్యోగం నిలిచింది. పాలు పోవడం ఆగిపోయింది. కెమెరాల మాట ఎత్తగానే దొంగ భయపడ్డాడని గ్రూపులో రాసుకున్నారు, బొటనవేళ్ళు పైకెత్తుకున్నారు.

నాకు ఈ సంగతి తెలిసింది ఎనిమిది నెలల తర్వాత. పెద్దాయనను వాళ్ళబ్బాయి వచ్చి తీసుకుపోయాక. అప్పటిదాకా రోజూ సాయంత్రం నా పక్కన అదే బెంచీ మీద కూర్చుని, చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఏమీ ఎరగనట్టు కబుర్లు చెప్పింది. కొడుక్కు చెప్పలేదు, కోడలికి చెప్పలేదు. నెలనెలా పాల లెక్కలో కూడే ముప్ఫై ప్యాకెట్ల డబ్బు ఎక్కడి నుంచి తెచ్చిందో కూడా నాకు తెలియదు. మిస్ మార్పుల్ అయితే ఏం చేసేదో ఊహించండి. అందరినీ క్లబ్ హౌసులో కూర్చోబెట్టి, తీగ మీది కవర్లతో మొదలుపెట్టి, చివరికి వేలు చూపించేది. నిజం తెలిసేది. పెద్దాయన ఆ తర్వాత లిఫ్టులో ఎవరి ముఖం ఎలా చూసేవాడు?

మరి నువ్వు రేడియోలో చెప్పేస్తున్నావే అంటారా? అడిగే చెబుతున్నాను. ఈ ప్రసంగం కాగితం మీద పెట్టుకోగానే బెంచీ దగ్గరికి తీసుకెళ్ళి అనంతపురం ఆవిడకు మొత్తం చదివి వినిపించాను. పాలిఫాక్స్ సంగతి వింటున్నంతసేపూ, "ఆమెకి మొక్కలకి నీళ్ళు ఎవరు పోసిరి అన్నిదినాలూ?" అని రెండుసార్లు అడిగింది. నవలలో ఆ మాట ఉందో లేదో నాకు గుర్తులేదు. కుంతి దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కాసేపు కానుగ చెట్టు కేసి చూసింది. పాల సంగతి చదువుతుంటే మాత్రం చేయి అడ్డం పెట్టి ఆపింది.

"ఏ ఫ్లోరో చెప్పలేదు కదక్కా?"

"లేదు" అన్నాను. "పేరు లేదు, ఊరు లేదు, ఫ్లోరు లేదు."

"అయితే చదువుకో." లేచి కొంగు దులుపుకుంది. గేటు బయట పూలమ్మాయి వచ్చి నిలబడి ఉంది. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి అంది, "నేనూ నీకు అంతా చెప్పలేదులే."